ఇంటి పక్క ఎత్తు మొక్కల తొట్టి (కర్నూలు, కడప ప్రాంతాల నిర్మాణ రీతి)

ఎత్తు మొక్కల తొట్టి అంటే నేలమట్టం కంటే పైకి గోడలు కట్టి, లోపల మట్టి నింపి, మొక్కలు పెంచడానికి ఏర్పాటు చేసే స్థిర నిర్మాణం. ఇంటి గోడకు ఆనుకుని గానీ, కొంత ఎడం వదిలి గానీ, ప్రహరీ వెంట గానీ కడతారు. కదిలించగల కుండీలు దీని కిందకు రావు. సాధారణంగా 45 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, 60 నుంచి 120 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. పొడవు స్థలాన్ని బట్టి మారుతుంది. 4 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 75 సెంటీమీటర్ల మట్టి లోతు ఉన్న తొట్టిలో 3 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. తడిసినప్పుడు దాని బరువు 5 టన్నులు దాటుతుంది. కాబట్టి దీన్ని తోట పనిగానే గాక చిన్న నిలుపుగోడ పనిగానూ లెక్కించాలి.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ నిర్మాణానికి రెండు ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టి ఎండి ఉంటుంది. వాన వచ్చిన కొద్ది రోజుల్లో మాత్రం నీరు ఒక్కసారిగా చేరుతుంది. చాలా చోట్ల పునాది కింద నల్లరేగడి ఉంటుంది. అందువల్ల తొట్టిలోకి చేరిన నీరు ఇంటి పునాది వైపు పోకుండా బయటికి వెళ్లే ఏర్పాటు నిర్మాణంలో ప్రధానాంశం.

భాగాలు, పరిభాష

తొట్టికి అడుగు, పక్క గోడలు, పైపట్టీ, మట్టి పొర, మురుగు పొర, నీరు జారే రంధ్రాలు, బయటి కాలువ అనే భాగాలు ఉంటాయి. నీరు జారే రంధ్రాలను మేస్త్రీలు వీప్ హోల్స్ అంటారు. ఇంటి గోడలో నేల నుంచి గచ్చు మట్టం వరకు ఉండే భాగం బేస్‌మట్టం. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కకుండా బేస్‌మట్టం మీద వేసే పొర డి.పి.సి. బేస్‌మట్టం చుట్టూ బయటికి వాలుగా వేసే గచ్చును ప్లింత్ ప్రొటెక్షన్ అంటారు. గట్టి ఎర్రని కంకర మట్టికి ఈ ప్రాంతంలో గరుసు అని పేరు. తొట్టి నీటిని నేలలోకి దించడానికి తవ్వి రాళ్లు నింపేది ఇంకుడు గుంత.

ప్రాంత నేపథ్యం

వాన: ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఏటా సగటున సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కర్నూలు వైపు జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉండే నైరుతి రుతుపవనాల వాటా ఎక్కువ. కడప వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతపు వాయుగుండాలు ఏడాది వానలో సుమారు మూడో వంతు ఇస్తాయి. సగటు తక్కువైనా కుండపోతలు అరుదు కాదు. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అలాంటి వరదను ఇంటి తొట్టి ఏర్పాటు ఆపలేదు. అయితే అటువంటి వాయుగుండాల రోజుల్లో పడే గట్టి వానకు సరిపోయేలా దాని నీటి దారులు ఉండాలి. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్ల నీరు గొట్టాల్లో దిగుతుంది. ఆ గొట్టం తొట్టిలోకి తెరుచుకుంటే తొట్టి గంటల్లోనే చెరువవుతుంది.

ఎండ: ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు. నేలలో నాటిన మొక్క కంటే తొట్టి మొక్కకు వేడి ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే గోడల పక్క నుంచి కూడా మట్టి కాగుతుంది.

నేల: కుందూ లోయలోని నంద్యాల, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు, అలాగే ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి విస్తారంగా ఉంది. డోన్, పత్తికొండ, రాయచోటి, రాజంపేట వైపు ఎర్ర నేలలు ఎక్కువ. నంద్యాల 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. ఒకే ఊళ్లో రెండు వీధుల మధ్య కూడా నేల రకం మారవచ్చు కాబట్టి మండలం పేరును బట్టి నిర్ణయించకుండా గుంత తవ్వి చూడాలి.

రాయి: కడప బేసిన్ అనే పురాతన శిలా మండలం ఈ జిల్లాలకు సున్నపురాయిని ఇచ్చింది. నల్లని కడప బండలు, బేతంచెర్ల బండలు గచ్చులకు, అరలకు, పొయ్యి గట్లకు వాడుకలో ఉన్నాయి. అదే సున్నపురాయి ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల వైపు సిమెంటు కర్మాగారాలకు ఆధారమైంది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం బూడిద ఇటుకల తయారీకి ముడిసరుకు అయింది. తొట్టి గోడలకు కావలసిన రాయి, సిమెంటు, ఇటుక మూడూ దగ్గరలోనే దొరుకుతాయి.

చరిత్ర

ఎత్తుగా కట్టి మొక్క నాటే అలవాటు తెలుగు ఇళ్లలో పాతది. పెరట్లో తులసి కోట అందుకు సుపరిచితమైన రూపం. ఊరి నడుమ వేప, రావి చెట్ల చుట్టూ రాతితో కట్టే రచ్చకట్టలు మరో రూపం. చెట్టు మొదలు చుట్టూ మట్టి నిలిపి మనుషులు కూర్చునేందుకు వీలుగా వీటిని కట్టారు. ఇంటి ముందు అరుగులు బేస్‌మట్టానికి వాననీరు నేరుగా తగలకుండా కాపాడేవి. రాయలసీమ పాత మిద్దెల పైకప్పుకు పరిచిన మట్టి మీది నీరు గోడకు దూరంగా చిమ్మేందుకు తూములు పెట్టేవారు. స్నానాల, అంట్ల నీటిని కాలువతో పెరటి అరటికి, కూరమళ్లకు మళ్లించేవారు. ఆ పాత ఏర్పాట్లలో మళ్లు సాధారణంగా నేలమట్టంలోనే, గోడకు దూరంగా ఉండేవి.

మట్టి కట్టలో నీరు ఎలా నడుస్తుందన్న అవగాహన ఈ ప్రాంతంలో చెరువు శాసనంలోకీ ఎక్కింది. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరం అనే చెరువు తవ్వించాడు. 1369 నాటి ఆ చెరువు శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను పేర్కొంటుంది. కట్ట నుంచి నీరు ఊరడం, నేల చవిటిది కావడం ఆ దోషాల్లో ఉన్నాయి. తొట్టి గోడ విషయంలో నేటికీ పరీక్షించవలసిన రెండు అంశాలు ఇవే.

సిమెంటు, ఇటుక విరివిగా వాడుకలోకి వచ్చాక పట్టణాల్లో స్థలాలు చిన్నవయ్యాయి. పెరడు పోయి ప్రహరీకీ ఇంటికీ మధ్య సన్నని సందు మిగిలింది. మొక్కల చోటు ఆ సందులోకి, గోడ పక్కకు చేరింది. దానితో పాటు తొట్టి నీరు పునాదిని తాకే అవకాశమూ పెరిగింది.

రకాలు

అడుగును బట్టి రెండు రకాలు ఉన్నాయి. అడుగు తెరిచిన తొట్టిలో మట్టి నేరుగా నేలతో కలుస్తుంది. వేర్లు కిందికి పోతాయి, నీరూ ఇంకుతుంది. ఎర్ర నేలకు, ఇంటికి దూరంగా ఉన్న చోటుకు ఇది తగినది. అడుగు మూసిన తొట్టిలో కింద వాలు కాంక్రీటు పలక ఉంటుంది. నీరంతా ఒక గొట్టం ద్వారా బయటికి పోతుంది. నల్లరేగడి మీద, గోడకు దగ్గరగా కట్టవలసి వచ్చినప్పుడు ఈ రకాన్ని ఎంచుకుంటారు.

గోడ పదార్థాన్ని బట్టి రకాలు ఇవి:

రాతి కట్టడం: దొరికిన రాయిని సిమెంటు, ఇసుకతో పేర్చేది. మందం 38 నుంచి 45 సెంటీమీటర్లు. బరువు ఎక్కువ కాబట్టి మట్టి తోపును బాగా తట్టుకుంటుంది. చోటు ఎక్కువ తీసుకుంటుంది.

నిలువు బండలు: కడప బండలను నిలబెట్టి, కొంత భాగం నేలలో పాతి, మూలల్లో బిగించేది. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. పలుచని బండ వంపు ఒత్తిడికి విరుగుతుంది కాబట్టి 45 సెంటీమీటర్ల ఎత్తు దాటకపోవడం మేలు. సున్నపురాయి కావడంతో యాసిడ్ తగిలితే పాడవుతుంది. నల్ల రంగు ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది.

ఇటుక గోడ: ఎర్ర ఇటుక లేదా బూడిద ఇటుకతో 23 సెంటీమీటర్ల మందంలో కట్టేది. లోపలి వైపు నీరు పట్టని పూత తప్పనిసరి.

కాంక్రీటు: ఇనుప చువ్వలతో 10 నుంచి 12 సెంటీమీటర్ల మందంలో పోసేది. పెద్ద తొట్లకు, కదిలే నేలలకు తగినది. ఇక సిమెంటు వరలను నిలబెట్టి ఒక్కో చెట్టుకు ఒక్కో తొట్టిగా వాడటం పల్లెల్లో చవకైన పద్ధతి.

చోటును బట్టి గోడకు ఆనుకున్నవి, ఎడం వదిలినవి, ప్రహరీ వెంట ఉన్నవి, మిద్దె పైనవి అని విభజిస్తారు. మిద్దె పైవాటికి పైకప్పు మోయగల బరువు లెక్క వేరుగా ఉంటుంది. వాటికి ఈ వ్యాసంలోని కొలతలు వర్తించవు.

నీరు, మట్టి, గోడ: పనిచేసే తీరు

పక్క ఒత్తిడి: తొట్టి మట్టి గోడను బయటికి నెడుతుంది. 90 సెంటీమీటర్ల ఎత్తులో నీరు నిలవని ఇసుక కలిసిన మట్టి, గోడ ప్రతి మీటరు పొడవును సుమారు 240 కిలోల బలంతో తోస్తుంది. అదే మట్టి నీటితో నిండిపోతే తోపు సుమారు 540 కిలోలకు చేరుతుంది. అంటే నీరు పోయే రంధ్రం మూసుకుపోతే గోడ మీద భారం రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది. తన బరువుతోనే నిలబడే 23 సెంటీమీటర్ల ఇటుక గోడ 60 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఆగుతుంది, అదీ నీరు పోతున్నంత కాలమే. అంతకు మించిన ఎత్తుకు అడ్డగోడలు, కాంక్రీటు పట్టీలు లేదా మందమైన రాతి కట్టడం కావాలి.

నిలిచే నీరు: తొట్టి అడుగున కంకర పరిస్తే నీరు దానంతట అదే పోతుందని చాలామంది అనుకుంటారు. సన్న మట్టి కింద ముతక కంకర ఉన్నప్పుడు, పై మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు కంకరలోకి జారదు. కాబట్టి మందమైన కంకర పొర వేర్లకు దొరికే మట్టి లోతును తగ్గిస్తుందే తప్ప రంధ్రాలకు బదులు కాలేదు. కంకర పని రంధ్రాల దగ్గర మట్టి చేరి మూసుకోకుండా చూడటం, అడుగున నీటికి పక్కదారి ఇవ్వడం. 5 నుంచి 10 సెంటీమీటర్ల పొర, దాని మీద నేయని జియోటెక్స్‌టైల్ బట్ట అందుకు సరిపోతాయి.

నల్లరేగడి ఉబ్బు: నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నేల నెర్రెలు బారుతుంది. గోడకు ఒక పక్క తొట్టికి రోజూ నీళ్లు పోసి, మరో పక్క నేల ఎండిపోయి ఉంటే, పునాది ఒక వైపు పైకి లేచి మరో వైపు కుంగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా వచ్చే పగుళ్లు దీనికి గుర్తు. ఇలాంటి నేలల్లో ఇళ్లకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్ పునాదులు వాడతారు. వీటిని సాధారణంగా 3.5 మీటర్ల లోతుకు దించుతారు, ఎందుకంటే రుతువులతో తేమ మారే పొర దాదాపు అంత లోతు వరకు ఉంటుంది. ఉబ్బని బంకమట్టి పొరను మధ్యలో పరిచి ఉబ్బును అదుపు చేసే పద్ధతిని ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి అభివృద్ధి చేశారు. నేల ఎంత ఉబ్బుతుందో తెలుసుకునే ఫ్రీ స్వెల్ పరీక్షకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2720లోని 40వ భాగం ఉంది.

గోడకు చెమ్మ: తొట్టి మట్టి ఇంటి గోడను డి.పి.సి. మట్టం దాటి తాకితే ఆ పొర పని చేయదు. చెమ్మ నేరుగా ఇటుకలోకి ఎక్కుతుంది. లోపలి గదిలో సున్నం పొక్కులు లేచి, తెల్లటి లవణపు పూత కనబడి, పెచ్చులు ఊడతాయి. మట్టి గోడకు ఆనితే చెదలకు కూడా తలుపు చట్రాల దాకా దారి దొరుకుతుంది. మట్టి మట్టం డి.పి.సి.కి కనీసం 15 సెంటీమీటర్లు దిగువన ఉండాలన్నది సాధారణ నియమం.

లవణాలు: సున్నపురాయి ప్రాంతపు బోరు నీటిలో కరిగిన లవణాలు ఎక్కువ. నీరు ఆవిరవుతుంటే లవణం మట్టిలో, గోడ మీద పేరుకుంటుంది. అడుగు మూసిన తొట్టిలో ఇది వేగంగా జరుగుతుంది. అప్పుడప్పుడు ఎక్కువ నీరు పోసి లవణాన్ని కడిగి బయటికి పంపాలి. బయటి దారి లేని తొట్టిలో ఈ పని చేయడం కుదరదు. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము అందక లేత ఆకులు పసుపు రంగుకు మారతాయి.

నిర్మాణ క్రమం

స్థల పరీక్ష: 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత తవ్వి నీటితో నింపి, ఇంకనిచ్చి, మళ్లీ నింపి చూడాలి. రెండోసారి నీటిమట్టం గంటకు 2.5 సెంటీమీటర్ల కంటే తక్కువ దిగితే ఆ నేల మీద ఆధారపడకుండా నీటిని గొట్టంతో బయటికి పంపాలి. నల్లరేగడిలో మొదటిసారి నీరు నెర్రెల్లోకి వేగంగా పోతుంది. తడిసి నెర్రెలు మూసుకున్నాక వేగం దాదాపు ఆగిపోతుంది. అందుకే రెండోసారి కొలతే లెక్క. కాలువ ఆయకట్టు ఊళ్లలో వరి సాగు కాలంలో భూగర్భజలం పైకి వస్తుంటే అప్పుడూ గుంత చూడటం మంచిది.

ఎడం: ఇంటి గోడను తొట్టికి నాలుగో గోడగా వాడకుండా, తొట్టికి వేరే గోడ కట్టి, మధ్య 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎడం వదలడం సురక్షితం. ఆ ఎడంలో గాలి ఆడుతుంది, చెత్త తీయడానికి, చెద చూడటానికి వీలవుతుంది. దాని అడుగు గచ్చు ఇంటి నుంచి బయటికి 50కి 1 వాలుతో ఉండాలి. నల్లరేగడి మీద ఎడం ఇంకా పెంచడం లేదా అడుగు మూసిన రకం ఎంచుకోవడం మేలు. స్థలం లేక గోడకు ఆనించక తప్పకపోతే, నీరు పట్టని పూత, దాని మీద రక్షణ పలక, గోడ వెంట మురుగు పొర మూడూ వేయాలి.

పునాది: గట్టి ఎర్ర నేలలో 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతు చాలు. నల్లరేగడిలో పై మట్టి తీసేసి, ఇసుక కాక గరుసును 15 సెంటీమీటర్ల పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస చేయాలి. నల్లరేగడి గుంతలో ఇసుక నింపితే అది నీటిని పట్టి ఉంచి చుట్టూ ఉన్న బంకమట్టికి అందిస్తుంది. తొట్టి పునాదిని ఇంటి పునాదితో కలిపి కట్టకూడదు. రెండూ వేర్వేరుగా కదలాలి.

గోడలు: పొడవైన గోడకు ప్రతి 2 నుంచి 3 మీటర్లకు అడ్డగోడ లేదా కాంక్రీటు స్తంభం ఇవ్వాలి. లోపలి వైపు సిమెంటు గిలాబా చేసి, ఆరాక నీరు పట్టని పూత రెండు సార్లు వేస్తారు. తాగునీటి ట్యాంకులకు అనుమతించిన పూత ఆకుకూరల తొట్టికి నయం. పడమటి ఎండ తగిలే గోడ లోపలి వైపు కొబ్బరి పీచు చాప పరిస్తే వేర్లకు వేడి తగ్గుతుంది.

నీటి దారి: అడుగు మూసిన తొట్టిలో కాంక్రీటు పలకకు 60కి 1 వాలు ఇస్తారు. వాలు ఇంటికి వ్యతిరేక దిశలో ఉండాలి. పల్లపు అంచు వెంట 75 లేదా 110 మిల్లీమీటర్ల రంధ్రాల గొట్టాన్ని 100కి 1 వాలుతో పెట్టి, చుట్టూ కంకర, బట్ట చుడతారు. గొట్టం రెండో కొసకు మూత పెడితే తర్వాత నీళ్లు కొట్టి శుభ్రం చేయవచ్చు. అడుగు తెరిచిన తొట్టికి బయటి గోడలో, నేలకు కాస్త పైన, 50 నుంచి 75 మిల్లీమీటర్ల రంధ్రాలు ప్రతి 1 నుంచి 1.5 మీటర్లకు ఒకటి ఉంచుతారు. ఇంటి వైపు గోడకు రంధ్రాలు పెట్టరు.

బయటికి వచ్చిన నీరు వాననీటి కాలువకు గానీ, ఇంకుడు గుంతకు గానీ చేరాలి. మరుగుదొడ్డి మురుగు గొట్టంలో కలపకూడదు. ఇంకుడు గుంత పునాదికి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. నల్లరేగడిలో ఇంకుడు గుంతలోనూ నీరు నిలిచిపోతుంది కాబట్టి కాలువే నమ్మదగినది. మిద్దె గొట్టాలను తొట్టిలోకి వదలకుండా నేరుగా కాలువకు లేదా నిల్వ తొట్టికి మళ్లించాలి.

మట్టి మిశ్రమం: నల్లరేగడిని ఒక్కదాన్నే నింపితే తడిస్తే ముద్దగా, ఎండితే పెళ్లగా మారుతుంది. ఎర్రమట్టి సుమారు సగం, మాగిన పశువుల ఎరువు పావు వంతు, ముతక ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి మిగతా పావు వంతు అన్నది వాడుకలో ఉన్న పాళ్లలో ఒకటి. వేపపిండి కొద్దిగా కలుపుతారు. సముద్రపు ఇసుక, చవిటి మట్టి వాడరు. మట్టిని ఒక్కసారిగా గాక పొరలుగా నింపి తడపాలి. మొదటి రెండు వానల తర్వాత మట్టి కుంగుతుంది కాబట్టి పై అంచుకు 5 నుంచి 8 సెంటీమీటర్లు వెలితి వదిలి, తర్వాత మట్టి చేర్చి ఆ వెలితిని నిలుపుతారు.

మొక్కల ఎంపిక

తోటకూర, పాలకూర, చుక్కకూర, కొత్తిమీరలకు 20 నుంచి 25 సెంటీమీటర్ల మట్టి సరిపోతుంది. మిరప, వంగ, టమాట, గోంగూరకు 30 నుంచి 45 సెంటీమీటర్లు కావాలి. మల్లె, మందారం, నందివర్ధనం, కరివేపాకు వంటి పొదలకు 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు ఉండాలి. కనకాంబరం, తులసి, కలబంద, కాగితం పూల మొక్క ఎండను బాగా తట్టుకుంటాయి. బీర, కాకర, చిక్కుడు తీగలకు పందిరి కావాలి. పందిరిని ఇంటి గోడకు బిగించకుండా వేరే గుంజలకు కట్టడం మంచిది.

మర్రి, రావి, జువ్వి, వేప, కొబ్బరి వంటి చెట్లు ఇంటి పక్క తొట్టికి తగవు. మర్రి, రావి జాతుల వేర్లు గోడ సందుల్లోకి, మురుగు గొట్టాల్లోకి చొచ్చుకుపోతాయి. నల్లరేగడి మీద పెద్ద చెట్టు మరో విధంగానూ హాని చేస్తుంది: ఎండాకాలంలో పునాది కింది తేమను లాగేసి నేలను కుంచింపజేస్తుంది. గన్నేరు కరవును తట్టుకుంటుంది గానీ దాని అన్ని భాగాలూ విషమే, అందువల్ల పిల్లలు, పశువులు మసలే చోట నాటరు.

లోపాలు, గుర్తులు

గోడ బయటికి ఉబ్బడం: రంధ్రాలు మూసుకుపోయి లోపల నీరు నిలిచిందనడానికి గుర్తు. ముందు రంధ్రాలు తెరిచి, మట్టి ఎత్తు తగ్గించి, తర్వాత గోడ సరిచేయాలి. బయటి నుంచి ఆనింపులు కట్టినంత మాత్రాన సమస్య తీరదు.

గది లోపల పొక్కులు: మట్టి డి.పి.సి. దాటి ఉందా, గోడకు ఆనిందా అని చూడాలి. రంగు మళ్లీ వేయడం వల్ల చెమ్మ ఆగదు.

ఇంటి గోడలో ఏటవాలు పగుళ్లు: నేల కదలికకు సూచన. ఎండాకాలంలో వెడల్పై వానాకాలంలో మూసుకుంటుంటే నల్లరేగడి ప్రభావాన్ని అనుమానించి, స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపాలి.

మట్టి పుల్లటి వాసన, ఆకులు వాడి పసుపు బారడం: వేర్లకు గాలి అందడం లేదు. నీళ్లు తక్కువయ్యాయనుకుని మరింత పోస్తే మొక్క చనిపోతుంది. వేలు లోతుగా గుచ్చి తేమ చూసి నిర్ణయించాలి.

బయటి గొట్టంలో మట్టి నీరు రావడం: బట్ట చిరిగింది లేదా వేయలేదు. మట్టి కొట్టుకుపోయి లోపల గుల్ల ఏర్పడుతుంది.

నిర్వహణ

జూన్‌కు ముందు రంధ్రాలు, గొట్టాలు, కాలువ శుభ్రం చేయాలి. కడప వైపు అక్టోబరులో మరోసారి చూడటం అవసరం. ఒక బిందెడు నీరు పోసి బయటికి ఎంతసేపటికి వస్తోందో గమనించడం సులువైన పరీక్ష. ఎండాకాలంలో వేరుశనగ పొట్టు, వరిగడ్డి, ఎండాకులు 5 సెంటీమీటర్ల మందాన పరిస్తే తేమ ఆగుతుంది. బిందు సేద్యపు గొట్టం వాడితే నీరు అవసరమైన చోటే పడుతుంది, గోడ మీద చిమ్మదు. స్నానాల, బట్టల నీటిలో సబ్బు లవణాలు ఉంటాయి. ఆ నీటిని మంచినీటితో మార్చి మార్చి వాడాలి, ఆకుకూరలకు వాడకూడదు. కాలువలో, గొట్టపు మూతల్లో నీరు వారం మించి నిలిస్తే డెంగీ వ్యాపింపజేసే ఈడిస్ దోమ పెరుగుతుంది.

నిబంధనలు, ఆచారాలు

ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమావళి, 2017 ప్రకారం ఇంటి చుట్టూ ఖాళీ స్థలం వదలాలి. ఆ స్థలంలో శాశ్వత కట్టడం కట్టేముందు పురపాలక లేదా పంచాయతీ కార్యాలయంలో అడగడం అవసరం. తొట్టి నీరు పొరుగువారి స్థలంలోకి గానీ, వీధిలోకి గానీ వదలడం తగాదాలకు దారితీస్తుంది. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం వాననీటి సంరక్షణను ప్రోత్సహిస్తుంది. నేల అనుకూలించిన చోట తొట్టి, మిద్దె నీటిని ఇంకుడు గుంతకు మళ్లించడం ఆ దిశలోని పనే.

వాస్తు సంప్రదాయాన్ని పాటించేవారు బరువైన కట్టడాలను నైరుతి వైపు, నీటి పోకను ఈశాన్యం వైపు ఉంచుతారు. తులసి కోటకు తూర్పు, ఉత్తరం, ఈశాన్యం ఎంచుకుంటారు. స్థలం వాలు దీనికి భిన్నంగా ఉన్నప్పుడు ఇంజినీర్లు సహజ వాలును అనుసరించమంటారు. రెండింటికీ సరిపడేలా తొట్టి చోటును మార్చడం లేదా గొట్టంతో నీటిని మళ్లించడం ఆచరణలో ఉంది.

ప్రాముఖ్యం, పరిమితులు

ఎత్తు తొట్టి వల్ల చవిటి, రాతి, గట్టి నేల ఉన్న ఇంట్లోనూ మంచి మట్టిలో మొక్క పెంచే వీలు కలుగుతుంది. వంగలేని వృద్ధులకు పని సులువవుతుంది. పడమటి గోడకు నీడ దొరుకుతుంది. ఎడమవైపో కుడివైపో మిగిలిన సందు కూరగాయల చోటవుతుంది.

నీటి పొదుపు దృష్టితో చూస్తే అన్నిచోట్లా ఇదే ఉత్తమం కాదు. ఎత్తు మట్టి నేల మట్టి కంటే త్వరగా ఎండుతుంది. పొడి ప్రాంతాల రైతులు లోతు మళ్లనూ వాడారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో జూనీ ఆదివాసులు చుట్టూ మట్టిగట్లతో చిన్న చిన్న గుంత మళ్లు వేసి నీటిని నిలుపుకున్నారు. మన పాదులు, కూరమళ్లు అదే సూత్రం మీద పనిచేస్తాయి. అడుగున నీటి నిల్వ ఉంచి మట్టి దాన్ని పైకి పీల్చేలా చేసే విక్కింగ్ తొట్లు ఆస్ట్రేలియాలో ప్రచారం పొందాయి. వాటిలోనూ మట్టం దాటిన నీటికి పొంగు గొట్టం ఉంటుంది. ఇంటికి దూరంగా ఎర్ర నేల ఉంటే లోతు మడి, ఇంటి పక్కనే నల్లరేగడి ఉంటే అడుగు మూసిన ఎత్తు తొట్టి, పూర్తిగా స్థలం లేకపోతే కుండీలు అన్న క్రమంలో ఎంపిక చేసుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ముందుగా తేల్చవలసింది ఒకటే: అతి పెద్ద వాన రోజున నీరు ఎటు పోతుంది, ఆ దారి పునాదికి దూరంగా ఉందా లేదా అన్నది.

ఇవి కూడా చూడండి

అండర్ రీమ్డ్ పైల్ పునాది; ఇంకుడు గుంత; కడప బండ; కడప బేసిన్; కుందూ నది; చెద నివారణ; డి.పి.సి.; తులసి కోట; నల్లరేగడి; నిలుపుగోడ; పోరుమామిళ్ల చెరువు శాసనం; మిద్దె ఇల్లు; రచ్చకట్ట; వాననీటి సంరక్షణ.